112కి ఫోన్ చేస్తే గుమ్మంలోకి ముందు ఎవరు రావాలి?

హన్మకొండ వాసి:
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. పోయినేడు మందులు మానేసి, తలుపు గడియ పెట్టుకుని సామాన్లు పగలగొడుతుంటే భయపడి 112కి చేశాం. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఖాకీ బట్టలు కనబడగానే వాడు డాబా మీదికి ఉరికిండు. కిందికి దించేసరికి రెండు గంటలైంది. మేం ఆ పిట్టగోడనే చూస్తూ నిలబడ్డాం.

అమెరికాలోని డెన్వర్‌లో 2020 జూన్ నుంచి ఇలాంటి కాల్స్‌కి 'స్టార్' అనే వ్యాన్ పోతుంది. అందులో ఒక మానసిక వైద్య నిపుణుడు, ఒక పారామెడిక్. పోలీసు ఉండడు. మొదటి ఆరు నెలల్లో 748 కాల్స్‌కి వెళ్తే ఒక్క అరెస్టూ జరగలేదు. మన దగ్గర కనీసం పోలీసు పక్కన ఒక నర్సయినా రావద్దా?

రిటైర్డ్ ఎస్సై:
తమ్ముడూ, ఆ వ్యాన్‌ని ఆయుధం లేదని తెలిసిన చోటికే పంపుతారు. మీ ఇంట్లో ఆయన చేతిలో కత్తి ఉందో లేదో కంట్రోల్ రూమ్‌కి ఎట్లా తెలుస్తది? నర్సమ్మకు దెబ్బ తగిలితే వాళ్ల ఇంట్లోవాళ్లకు ఎవరు జవాబు చెప్తారు? 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ఈ బాధ్యత స్టేషన్ ఆఫీసర్ మీదే పెట్టింది. లాకప్‌లో పెట్టొద్దు, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. మా వాళ్లకు ఆ సెక్షన్ నేర్పించండి, చాలు.

నైట్ డ్యూటీ నర్సు:
చాలదు సార్. మీవాళ్లు చేతులు తువ్వాలుతో కట్టి తెచ్చినవాళ్లను వార్డులో దింపుకునేది నేనే. కట్లు విప్పి, నీళ్లిచ్చి, పేరు పెట్టి పిలిస్తే సగంమంది నెమ్మదిస్తారు. ఆ పని వాళ్లింటి దగ్గరే జరగాలంటున్నా. సైకియాట్రిస్టులు లేరు కదా అంటారు. అదే చట్టం సెక్షన్ 94 చూడండి: ప్రాణం మీదికొచ్చినప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా, ఆస్పత్రి బయట కూడా, 72 గంటల వరకు చికిత్స చెయ్యొచ్చు. పక్కన నామినేటెడ్ మనిషి, అంటే రోగి తరఫున మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలి, అంతే. అంటే పీహెచ్‌సీ డాక్టరు చాలు. మీరూ రండి సార్, వద్దనను. మఫ్టీలో, గేటు బయట.

హన్మకొండ వాసి:
మేడమ్, ఆ రాత్రి 14416కి, అదే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి కూడా చేశాం. మాతో ఓపిగ్గా మాట్లాడారు. కానీ డాబా మీదున్నవాడికి ఫోన్ ఎవరు అందిస్తారు?

రిటైర్డ్ ఎస్సై:
మఫ్టీ సంగతి ఒప్పుకుంటున్నా. గేటు బయట నిలబడతా. లోపల్నుంచి ఆమె కేక వినబడితే మాత్రం ఎవర్నీ అడగను, వచ్చేస్తా.