ఎండీఎఫ్ స్పీకర్ బాక్సు: అతుకు గీత పెయింటు కింద దాగుతుందా?

బుక్‌షెల్ఫ్_33: 18 ఎం.ఎం. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో ఒత్తి చేసిన పలక) బాక్సుకి మెరిసే నల్ల పీయూ (పాలీయురేథేన్ పెయింటు) వేస్తే కొన్నాళ్లకి అతుకుల దగ్గర గీత తేలుతుందనీ, వెనీరే (పైన అంటించే పల్చటి చెక్క పొర) నయమనీ చాలామంది అంటారు. పని సరిగ్గా చేసినా తేలుతుందా? బట్ జాయింట్లు (ఒక పలక అంచుని ఇంకోదాని ముఖానికి నేరుగా ఆనించే అతుకులు), ఫెవికాల్ ఎస్‌హెచ్ జిగురు. కంప్రెసర్, స్ప్రే గన్ ఉన్నాయి.

రంగులపని: తొందరపడకపోతే తేలదు. నీళ్ల జిగురు తాగి అతుకు పక్కన ఎండీఎఫ్ ఉబ్బుతుంది. మర్నాడే శాండ్‌పేపర్ కొట్టి సాపు చేస్తే ఆ ఉబ్బు అరిగిపోతుంది, తడి పూర్తిగా ఆరాక సరిగ్గా అక్కడే గుంట పడుతుంది. రెండు వారాలు ఆగి 180 నంబరు పేపర్‌తో సాపు చేయండి. కోసిన అంచులు స్పాంజిలా తాగుతాయి కాబట్టి వాటికి పీయూ సీలర్ (పీల్చుకోకుండా మూసే పూత) రెండు కోట్లు, మధ్యలో 240 పేపర్. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూయొద్దు, నూగు లేస్తుంది, పేపర్‌కి బంకలా చుట్టుకుంటుంది. తర్వాత ప్రైమర్ మూడు కోట్లు, 320, 400, ఆపైన రంగు. మూలల్ని 3 ఎం.ఎం. గుండ్రం చేయండి. పదునైన మూల మీద రంగు నిలవదు.

రూటర్_చేతిలో: అన్నా, సీలర్ మాట నిజం. తేలదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఎండీఎఫ్ మందం వైపు ఉబ్బినంతగా పొడవు, వెడల్పుల్లో ఉబ్బదు. పక్క పలక మీద పై పలక కూర్చుంటే, పక్కనుంచి చూసినప్పుడు ఒకదాని ముఖం, ఇంకోదాని అంచు ఆనుకుని ఉంటాయి. వానాకాలం తేమకి ముఖం వెంట్రుకవాసి బయటికొస్తుంది, అంచు ఉన్నచోటే ఉంటుంది. గీత అంటే ఆ మెట్టే. మ్యాట్‌లో కంటికి ఆనదు. మెరిసే నలుపులో ట్యూబులైటు నీడ అక్కడ విరిగి కనిపిస్తుంది. లప్పం ఎంత పెట్టినా ఆ కదలిక ఆగదు. పలకల అంచుల్ని 45 డిగ్రీల మైటర్ (ఏటవాలుగా) కోస్తే గీత మూలలోకి పోతుంది. బాక్సు ఇప్పటికే బిగించేసి ఉంటే అతుకు వెంట 2 ఎం.ఎం. వి-గాడి తీయండి, డిజైన్‌లా ఉంటుంది.

రంగులపని: ఆ తేమ ఎక్కువగా లోపలివైపు నుంచే ఎక్కుతుంది. పోర్టు (బాక్సుకి గాలి ఆడే రంధ్రం) తెరిచే ఉంటుంది, లోపల పచ్చి ఎండీఎఫ్. లోపలా సీలర్ ఒక కోటు వేస్తే కదలిక బాగా తగ్గుతుంది. ఆ కోటు మానేసి పెయింటుని తప్పుపట్టడం అన్యాయం.

రూటర్_చేతిలో: తగ్గుతుంది, సరే. ఆగదు. మెరుపే కావాలంటే మైటర్ తప్పదు.

టీక్_వెనీర్: వెనీర్‌కి వేరే ప్రమాదం ఉంది. రబ్బరు జిగురుతో అంటించి పైన మెలమైన్ పాలిష్ కొడితే థిన్నర్ దిగి జిగురు మెత్తబడుతుంది, బుడగలు లేస్తాయి. రెండువైపులా ఎస్‌హెచ్ పూసి, చెయ్యి అంటనంతగా ఆరనిచ్చి, ఇస్త్రీపెట్టెతో ఒత్తండి. అర ఎం.ఎం. వెనీర్ మీద 180 పేపర్ ఎక్కువ కొడితే కింది ఎండీఎఫ్ బయటపడుతుంది, 240తో మొదలుపెట్టండి.

పెయింటుకీ వెనీర్‌కీ వర్తించేది ఒకటుంది: డ్రైవర్ (శబ్దం చేసే స్పీకర్ యూనిట్) రంధ్రానికి చుట్టూ 1 ఎం.ఎం. ఖాళీ ఉంచి, గ్యాస్కెట్ కూర్చునే చోట మాస్కింగ్ టేపు వేయండి. రంగు మందం లెక్కలోకి తీసుకోకపోతే ఫ్రేము దిగదు. బలవంతంగా నొక్కితే అంచున పెయింటు పెచ్చులూడుతుంది.