కీమో తరువాత మతిమరుపు

ప్రశ్న: మా అక్కకు రొమ్ము క్యాన్సర్ కీమోథెరపీ ముగిసి ఐదు నెలలైంది. పొయ్యిమీద పాలు పెట్టి, వంటింట్లోకి ఎందుకు వచ్చిందో మరచి నిలబడిపోతోంది. ఇది తగ్గుతుందా?

జవాబు 1: దీనిని వాడుకలో ‘కీమో బ్రెయిన్’ అంటారండి. 581 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను 364 మంది ఆరోగ్యవంతులతో పోల్చి 2017లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, చికిత్స ముగిసిన ఆరు నెలలకు కూడా రోగులలో 36.5 శాతం మందికి తమ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మునుపటికన్నా తగ్గినట్లు అనిపించగా, ఆరోగ్యవంతులలో అది 13.6 శాతమే.

జవాబు 2: నాకు ఏడాదికి చాలావరకు సర్దుకుంది, ఇప్పటికీ ఫ్రిజ్ తలుపుకు చీటీ అంటిస్తాను. అయితే అంతా కీమో ఖాతాలోనే వేయకండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, దిగులు కూడా ఇలాగే చేస్తాయి కనుక, వైద్యులతో చెప్పి పరీక్షలు చేయించండి.

ప్రశ్నించినవారు: రక్తపరీక్ష సంగతి మాకు తట్టనే లేదండి. సోమవారం తీసుకువెళతాను.