ఉత్పత్తి ఆగిపోయిన సబ్‌మెరైనర్ 16610 కొనేముందు ఏం పరిశీలించాలి?

రోలెక్స్ వారి డైవింగ్ వాచీ సబ్‌మెరైనర్ 16610 ఉత్పత్తి 2010లో ఆగిపోయినా, దానిపై నా మోజు మాత్రం తగ్గలేదు. దాని స్థానంలో వచ్చిన 116610 మోడల్‌లో సులభంగా గీతలు పడని సిరామిక్ బెజెల్ (డయల్ చుట్టూ ఉండే వలయం), మరింత దృఢమైన క్లాస్ప్ (పట్టీ కొక్కెం) ఉన్నాయని, వస్తువుగా అదే మెరుగైనదని ఒప్పుకుంటాను. అయినా సన్నని లగ్గులతో (పట్టీని బిగించే కొమ్ములతో) చేతికి ఒదిగిపోయే పాత 40 మిల్లీమీటర్ల కేసు, ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా వెలిసిపోయే అల్యూమినియం బెజెల్ నన్ను ఎక్కువగా ఆకర్షిస్తున్నాయి. (300 మీటర్ల లోతును తట్టుకునే ఈ వాచీ నా దగ్గర చేతులు కడుక్కునే నీటిని మించి చూడబోదన్నది వేరే సంగతి.)

ప్రస్తుతం ఒక సెకండ్‌హ్యాండ్ వాచీని పరిశీలిస్తున్నాను. 1990ల మొదట్లో తయారైనదని అమ్మేవారు చెబుతున్నారు. కానీ డయల్ అడుగున, చీకట్లో మెరవడానికి ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం వాడిన ఆ కాలపు వాచీలపై ఉండే ‘టి<25’ గుర్తు లేకుండా ‘స్విస్ మేడ్’ అని మాత్రమే ఉంది. సర్వీసింగ్‌లో డయల్ మార్చారా, లేక వేర్వేరు వాచీల భాగాలను కలిపారా అన్నది నాకు తేలడం లేదు. పైగా లగ్గుల అంచులు గుండ్రంగా అరిగినట్టు కనిపిస్తున్నాయి. పలుమార్లు పాలిష్ పట్టినప్పుడు పోయిన లోహం తిరిగి రాదు కనుక, డయల్ కంటే ఇదే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

ఫోటోలను బట్టి లగ్గుల మందం ఎంత తగ్గిందో అంచనా వేయడం ఎలా? డయల్ మార్చిన వాచీకి ధర ఏ మేరకు తగ్గించమని అడగడం న్యాయం? లోపలి 3135 మెకానిజం గట్టిదే కనుక దాని గురించి నాకు పెద్దగా భయం లేదు. అయితే వెనుక మూత తెరిచి చూపడానికి అమ్మేవారు నిరాకరిస్తే బేరం వదులుకోవడమే మేలా? ఇలాంటి వాచీ కొన్నవారు, ముఖ్యంగా కొన్నాక పశ్చాత్తాపపడినవారు, దయచేసి తమ అనుభవం తెలియజేయగలరు.