పన్నెండడుగుల పడవకు గట్టి చెక్క: తిరుపతి, చిత్తూరు వైపు ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి?

రేణిగుంట_రోడ్డు | ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. వడ్రంగం నాకు ఆదివారం పూట పని. ఇప్పటికి రెండు బల్లలు, ఒక పుస్తకాల అలమర, అమ్మకు ఒక పీట చేశాను. ఇప్పుడు పన్నెండడుగుల పడవ తలకెత్తుకున్నాను. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లోడు కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయేంతది. పిచ్చాటూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో చెరువుంది, వానలు బాగా పడిన ఏడు నిండుగా ఉంటుంది.

అడుగు, పక్కలు ప్లైవుడ్డే. పలకలను రాగి తీగతో కుట్టి, లోపల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), పైన గాజుగుడ్డ వేసే పద్ధతి. 6 మి.మీ. మెరైన్ ప్లై మూడు షీట్లు తెచ్చేశాను. చిక్కంతా గట్టి చెక్కతోనే. పై అంచు పట్టీలు, అడుగున పొడుగునా పోయే దూలం, కూర్చునే బల్లలు, వెనక పలకకు చట్రం. ప్లాన్ గీసినాయన యాష్, వైట్ ఓక్, సపేలీ అని రాశాడు. నిన్న మూడు టింబర్ డిపోలు తిరిగాను. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న, "ద్వారబంధానికా, కిటికీకా?" పడవకు అన్నాను. ఒకాయన టీ తెప్పించి మరీ నవ్వాడు.

మనవైపు దొరికే చెక్కల్లో ఏది పనికొస్తుంది? చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఏడుకొండలు_బస్సు | ఆదివారం రాత్రి

తిరుపతిలో ఉండి చెక్క కోసం వెతకడమేంది అన్నా? కొండెక్కితే ఎర్రచందనం ఉంది కదా 😄

ఉలి_బాడిశ | సోమవారం ఉదయం

పైన బస్సు తమ్ముడి మాట నవ్వులాటకే అనుకుంటాను. అయినా చదివేవాళ్లలో ఎవరైనా నిజమనుకుంటారేమో, అందుకే చెబుతున్నా. అనుమతి లేకుండా ఎర్రచందనం నరకడం, దాచడం, తరలించడం అన్నీ కేసులే. అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటీస్ ఒప్పందం రెండో అనుబంధం కింద ఆంక్షలున్నాయి. ఇంతా చేసి దాని చేవ (చెట్టు నడుమ ఉండే ముదురు చెక్క) ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది. మునిగే చెక్కతో పడవేంది సామీ.

ఇక అసలు సంగతి. మా నాయన వడ్రంగి, నేనూ ఇరవై ఏళ్లు అదే పని చేశాను. రోడ్డు గారూ, మీరు చెట్టు పేరు అడుగుతున్నారు. నేనైతే పేరు ఆఖర్న అడుగుతాను. ముందు మూడు చూస్తాను: చేవ ఎంతుంది, ఎంత ఆరింది, పోగు, అంటే చెక్కలోని గీతలు, నేరుగా పోతోందా.

టేకు అని చెప్పి అమ్మేదాంట్లో సగం తెల్లచెక్కే (చేవ చుట్టూ ఉండే లేత చెక్క) ఉంటుంది. తోటల్లో పెంచి చిన్న వయసులో కొట్టిన టేకు అయితే మరీను. చేవ పురుగునూ తేమనూ తట్టుకుంటుంది. తెల్లచెక్కకు ఆ గుణం లేదు, టేకు అయినా సరే. కొందరు రంగేసి రెండూ ఒకటే అన్నట్టు చూపిస్తారు. కొసను చిత్రికతో ఒక్క లాగు లాగి చూపించమనండి. ఒప్పుకోకపోతే పక్క డిపోకు పోండి.

మనవైపు దొరికేవాటిలో టేకు చేవ అన్నిటికీ బాగుంటుంది. వేగిస, మా పల్లెలో యేగి అంటాం, గట్టిది, చెద పట్టదు, ధరలో టేకు కంటే అందుబాటు. కాకపోతే తడిస్తే రంగు వదులుతుంది. షుగరు ఉన్నవాళ్లు రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగే చెక్క గ్లాసులు దీనితోనే చేస్తారు, ఆ నీళ్ల రంగు చూసే ఉంటారు. కూర్చునే బల్లకు వాడితే ప్యాంటు సంగతి చూసుకోండి. అడుగు దూలానికి వాడితే బాధే లేదు. నల్లతుమ్మ దెబ్బకు ఓర్చుకుంటుంది, బండి చక్రాల ఆకులు దాంతోనే వేసేవాళ్లం. ఒంపు తిరిగిన కొమ్మ దొరికితే మూలల్లో ఆనించే ముక్కలకు అంతకంటే మంచిది లేదు, పోగు కూడా ఒంపుతోనే తిరిగి ఉంటుంది కాబట్టి విరగదు. మా తాత తుమ్మ దుంగను చెరువు బురదలో ఆర్నెల్లు తొక్కిపెట్టి తర్వాత నీడన ఆరబెట్టేవాడు. అట్లా చేస్తే పుచ్చు పట్టదని ఆయన లెక్క. పచ్చి తుమ్మ మాత్రం తేవద్దు, ఆరేటప్పుడు పాములా మెలితిరుగుతుంది.

చింత వద్దు. బరువు ఎక్కువ, కోయడానికి మొండి. కొట్టుకునే మొద్దుకు సరిపోతుంది.

చిత్తూరు_మామిడితోపు | సోమవారం మధ్యాహ్నం

మామిడి చెక్క గురించి ఎవరూ చెప్పలేదే. మావైపు ముదురు తోపులు కొట్టేసి కొత్త అంట్లు వేస్తుంటారు, దుంగలు చౌకగా దొరుకుతాయి. మా పెద్దమ్మ ఇంట్లో మామిడి బల్ల నలభై ఏళ్లుగా ఉంది.

పులికాట్_గట్టు | సోమవారం సాయంత్రం

ఇంట్లో బల్ల వేరు, నీళ్లలో పలక వేరు అక్కా. అయినా మీ మాట ఉత్తది కాదు. మద్రాసు తీరంలో వెనకటి మసూలా పడవలు మామిడి పలకలను కొబ్బరితాడుతో కుట్టి చేసినవే. మేకే ఉండదు. అలలు కొట్టినప్పుడు పలకలు కదిలి ఓర్చుకునేవి. రోడ్డు గారు రాగి తీగతో కుట్టేది కూడా ఆ వంశమే అనుకోవచ్చు. కానీ ఆ జాలర్లు పడవను ఏటా విప్పి కుట్టేవాళ్లు, పాడైన పలక మార్చేవాళ్లు. మీరు ఎపాక్సీ పోసి మూసేశాక లోపల మామిడి కుళ్లితే విప్పలేరు.

మాది సూళ్లూరుపేట దగ్గర. ఇక్కడ పులికాట్ సరస్సులో ఇప్పుడు తిరిగేవి చాలావరకు ఫైబర్ పడవలే. చెక్క పడవ నడిపిన పెద్దవాళ్లు ఒక మాట అంటారు: పడవ కింద నీళ్లకు భయపడకు, లోపల నీళ్లకు భయపడు. ఉప్పునీళ్లలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది, మీ చెరువులో ఆ బెడద లేదు. మీకు శత్రువు వాననీళ్లు. పడవను మెల్లకిలా వదిలేస్తే అమరం (పడవ వెనక కొస) మూలల్లో నీళ్లు నిలిచి, ఎండి, మళ్లీ నిలిచి అక్కడే మెత్తబడుతుంది. బోర్లించి, కింద రెండు మొద్దులు పెట్టి, నీడన ఉంచండి. ప్రతి ముక్క కొసకు ఎపాక్సీ రెండు మూడు సార్లు తాగించండి. చెక్క నీళ్లు తాగేది కొసల నుంచే.

ఇనుప మేకులు వద్దు. తుమ్మలాంటి చెక్కలో వగరు ఎక్కువ, తడిలో ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది, మేకు చుట్టూ చెక్క బూడిదలా రాలుతుంది. రాగి గానీ, ఇత్తడి గానీ, 316 రకం స్టెయిన్‌లెస్ గానీ వాడండి.

మెట్లదారి | సోమవారం రాత్రి

డిపో లెక్క తెలియక నేను ఒకసారి మోసపోయాననుకుని గొడవ పెట్టుకున్నా, తర్వాత చూస్తే తప్పు నాదే. మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నా.

కోసిన చెక్కకు లెక్క సులువు. అంగుళాల్లో వెడల్పు, మందం, అడుగుల్లో పొడవు గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు, అంటే డిపోవాళ్ల సీఎఫ్‌టీ. దుంగకు అలా కాదు. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి 144తో భాగిస్తారు. 36 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల దుంగ అనుకోండి. 9 ఇంటూ 9 ఇంటూ 8, బై 144. నాలుగున్నర సీఎఫ్‌టీ. గుండ్రం లెక్కన అసలు ఘనపరిమాణం ఐదుంముప్పావు దాకా ఉంటుంది. కొనేవాడికి లాభమే అని సంబరపడొద్దు, మిల్లులో పక్కలు, బెరడు, రంపపు పొట్టు, తెల్లచెక్క పోగా మిగిలేది నాలుగున్నరలో కూడా బాగా తక్కువే.

మీ పడవకు ఎంత కావాలో లెక్క వేశారా? అంచు పట్టీలు 13 అడుగులవి నాలుగు, ఒకటిన్నర బై ముప్పావు అనుకుంటే 0.4. అడుగు దూలం 2 బై 1, 12 అడుగులు, 0.17. బల్లలు మూడు, నాలుగడుగులవి, 8 బై ముప్పావు, 0.5. చట్రానికి ఇంకో 0.2. మొత్తం ఒకటింపావు, ఒకటిన్నర. వృథా కలిపి రెండు సీఎఫ్‌టీ దాటదు. ఇంతకోసం దుంగ కొనకండి. కోసినదే ఏరుకోండి. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి. మన దారుల్లో చెక్క వేసుకుని బండి పోతోందంటే ఆపి అడుగుతారు, అది మీకూ తెలుసు. పొలంలో చెట్టు కొట్టించాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉంది, కొన్ని జాతులకు మినహాయింపు. ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి పోవడం మేలు.

రేణిగుంట_రోడ్డు | బుధవారం రాత్రి

ఇంత రాస్తారనుకోలేదు. ఉలి_బాడిశ గారూ, ఆరిందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? డిపోలో "రెండేళ్ల సరుకు సార్" అంటున్నారు.

ఉలి_బాడిశ | బుధవారం రాత్రి

మేము చెంపకు ఆనించి చూసేవాళ్లం. చల్లగా తగిలితే ఇంకా పచ్చి. మీకు అది చాలదు కాబట్టి ఇలా చేయండి. పలక కొస నుంచి కాదు, ఒక అడుగు లోపలి నుంచి చిన్న ముక్క కోయించండి. వెంటనే వంటింటి త్రాసులో తూచండి. కేకుల ఓవెన్‌లో 100, 105 డిగ్రీల మధ్య పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా గంట గంటకూ తూచండి. తగ్గిన బరువును ఆఖరి బరువుతో భాగిస్తే తేమ శాతం. పదిహేను లోపు ఉంటే తెచ్చుకోండి. ఎక్కువుంటే మేడ మీద నీడలో మధ్యన చిన్న పుల్లలు పెట్టి పేర్చి ఉంచాలి. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. మన ఎండలకు త్వరగానే ఆరుతుంది కానీ, నేరుగా ఎండలో పెడితే కొసలు నెర్రెలిస్తాయి.

స్వర్ణముఖి_ఇసుక | గురువారం

జిగురు గురించి నా అనుభవం. టేకులో నూనె ఉంటుంది. రాత్రి చిత్రిక పట్టి, తెల్లారి ఎపాక్సీ రాశాను. అతుకు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, నెల తర్వాత మోకాలితో నొక్కితే తప్పుకుంది. చెక్క చీలలేదు, జిగురు పొర పొరలాగా ఊడింది. అతికించే ముందు అప్పటికప్పుడు గరుకు కాగితం పట్టి, అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు రాయాలి. గుడ్డ మార్చుకుంటూ తుడవండి, లేకపోతే నూనెనే మళ్లీ పూస్తున్నట్టు.

రెండోది ఎండ. మే నెలలో మన ఊళ్లో కప్పునిండా ఎపాక్సీ కలిపితే ఐదు నిమిషాల్లో కప్పు పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెం కలపండి, కలిపింది పళ్లెంలో పల్చగా పరచండి. పని సాయంత్రం పెట్టుకోండి. పొద్దున వేస్తే చెక్క వేడెక్కేకొద్దీ లోపలి గాలి పైకొచ్చి బుడగలు లేస్తాయి, సాయంత్రం చల్లబడేటప్పుడు చెక్క జిగురును లోపలికి లాక్కుంటుంది.

పాతఇల్లు_కొత్తలాడ్జి | గురువారం

డిపోలు వదిలేసి పాత ఇళ్లు పడగొట్టేవాళ్లను పట్టుకోండి. పాత మిద్దెలు పడగొడుతున్నప్పుడల్లా దూలాలు, గడపలు, కిటికీ చట్రాలు బయటకొస్తాయి. చాలావరకు తాటి దూలాలే, వాటిని వదిలేయండి. మధ్యలో టేకు తగిలితే అది ఏ డిపోలోనూ దొరకని సరుకు, యాభై అరవై ఏళ్లు కప్పు కింద ఆరినది. నేను కొన్న గడప కోస్తే వాసనకు వీధిలో వాళ్లు వచ్చి అడిగారు.

తలనొప్పి ఒకటే, మేకులు. కోత మిల్లువాళ్లు పాత చెక్క చూస్తేనే దండం పెడతారు, మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి. అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి, మేకులన్నీ పీకి, ఇంకా ఉంటే రంపం ఖర్చు నాదే అని ఒప్పుకున్నాక కోశారు.

రేణిగుంట_రోడ్డు | పదిహేను రోజుల తర్వాత, ఆదివారం

ఇదిగో సంగతి. "రెండేళ్ల సరుకు" ముక్క 130 గ్రాములు. ఓవెన్‌లోంచి తీశాక 104. అంటే 25 శాతం. ఇల్లంతా టేకు వాసన, మా ఆవిడ ఓవెన్‌కు పసుపు కుంకుమ పెట్టి శుద్ధి చేసుకుంది.

తర్వాత పాతఇల్లు గారి మాట పట్టుకుని చిత్తూరులో ఒక మిద్దె పడగొడుతున్న చోట రెండు టేకు దూలాలు కొన్నాను. 5 బై 4, తొమ్మిదేసి అడుగులు, రెండూ కలిపి రెండున్నర సీఎఫ్‌టీ. ముక్క 84 గ్రాములు, ఆరాక 75. పన్నెండు శాతం! మేకులు పదిహేడు పీకాను. పద్దెనిమిదోది మిల్లువాడు కనిపెట్టాడు, రంపంతోనే. డబ్బు కట్టాను.

ఇప్పుడు సమస్య పొడవు. పట్టీ 13 అడుగులు కావాలి, నా దగ్గర 9.

ఉలి_బాడిశ | ఆదివారం

ఏటవాలు అతుకు వేయండి. మందానికి ఎనిమిది రెట్ల వాలు. ముప్పావు అంగుళానికి ఆరు అంగుళాలు. రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి మెట్టులా జరిపి బిగించి, ఒకేసారి చిత్రిక పట్టితే వాలు రెండిటికీ ఒకటే వస్తుంది. అతుకు పడవ మధ్యలో, ఒంపు ఎక్కువున్న చోట రానీయొద్దు. ఎడమ పట్టీకి అణియం (ముందు కొస) వైపు వస్తే కుడి పట్టీకి అమరం వైపు వచ్చేలా మార్చి పెట్టండి. ఒంచడానికి మొండికేస్తే ముప్పావు పట్టీ బదులు సగం మందంవి రెండు, ఒకదాని మీద ఒకటి పడవకే ఒంచి అతికించండి. ఆవిరి పెట్టే పని తప్పుతుంది.

రేణిగుంట_రోడ్డు | ఆదివారం

బిగించడానికి నా దగ్గర సి-క్లాంపులు నాలుగే ఉన్నాయి. పట్టీ పొడుగునా ముప్పై కావాలేమో. ఎవరైనా అద్దెకిస్తారా?

పులికాట్_గట్టు | ఆదివారం

అద్దె ఎందుకు. పాత సైకిల్ ట్యూబులు అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి గట్టిగా లాగి చుట్టండి. జిగురు అంటుకున్నా రబ్బరు ఊడొస్తుంది. పిల్లోడికి లైఫ్ జాకెట్ కొన్నారా? పడవ కంటే ముందు అది.

రేణిగుంట_రోడ్డు | ఆదివారం

మూడూ కొన్నాను అన్నా, ప్లై కంటే ముందే. ట్యూబుల కోసం ఇప్పుడే పంక్చర్ షాపుకు పోతున్నా.