బాస్ మీదే లైంగిక వేధింపుల ఫిర్యాదైతే కంపెనీ కమిటీకి వెళ్లాలా, బయటికా?

తుంగభద్ర:
పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం, కనీసం 10 మంది పనిచేసే ప్రతి ఆఫీసులో, ప్రతి బ్రాంచిలో ఈ ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. కానీ వేధించింది బాసే అయితే ఆ సభ్యుల ఇంక్రిమెంట్లు కూడా ఆయన చేతిలోనే ఉంటాయి. అలాంటప్పుడు ఆ కమిటీని పక్కనపెట్టి, నేరుగా జిల్లా అధికారి వేసే స్థానిక కమిటీకి వెళ్లడమే మేలంటాను.

న్యాయపక్షం:
అందులో ఒక చిక్కుందండీ. స్థానిక కమిటీ ముఖ్యంగా రెండు రకాల ఫిర్యాదులు తీసుకుంటుంది: 10 మంది లేనందువల్ల అంతర్గత కమిటీ ఏర్పడని చోటివి, యజమాని మీద వచ్చినవి. యజమాని కాని టీమ్ లీడ్ మీద అక్కడికి వెళ్తే 'మీ కంపెనీ కమిటీకి ఇవ్వండి' అని తిప్పి పంపుతారు. ఈలోపు గడువు కరిగిపోతుంది. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలల దాకా పొడిగించవచ్చు, అంతే.

హెచ్ఆర్ డెస్క్:
ఏ గడప తొక్కాలన్న మాట కన్నా ముందే చాలా కేసులు చెడిపోతాయి. హెచ్ఆర్‌కి ఫోన్లో చెప్తారు, 'నేను మాట్లాడతాలే' అన్న మాట నమ్మి రెండు నెలలు ఆగుతారు. నోటిమాటతో విచారణ మొదలవదు. కాగితం కమిటీ పేరునే వెళ్లాలి. నిబంధనల ప్రకారం 6 ప్రతులు, ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు జతచేయాలి. అందినట్టు సంతకమో, జవాబు మెయిలో తీసుకోవాలి.

'నన్ను ఇబ్బంది పెట్టారు' అని రాస్తే విచారణలో నిలబడదు. 'మార్చి 4, సాయంత్రం 6.40, రివ్యూ అయ్యాక కాన్ఫరెన్స్ గదిలో భుజం మీద చెయ్యి వేశారు. తీయమంటే, రేటింగ్ గుర్తుపెట్టుకో అన్నారు' అని రాయండి. ఆ రోజు ఆ గది బుకింగ్, తలుపు దగ్గర కార్డు స్వైప్ రికార్డు కమిటీ తెప్పించుకోగలదు, దానికి సివిల్ కోర్టుకున్నట్టే అధికారం ఉంది. సీసీటీవీ మీద కొత్త రికార్డింగ్ ఎక్కిపోతుంది కాబట్టి, దాన్ని భద్రపరచమని మొదటి కాగితంలోనే అడగాలి. ఆఫీసు మెయిళ్లను సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు, దాన్నే డేటా ఉల్లంఘనగా చూపించి ఎదురు కేసు పెడతారు.

గోదారిగట్టు:
బాస్ విషయంలో అసలు దెబ్బ అప్రైజల్ దగ్గర పడుతుంది. విచారణ నడుస్తుండగా ఫిర్యాదు చేసినామె పనితీరు మీద ఆయన నివేదిక రాయకుండా ఆపమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఇద్దరిలో ఎవరినైనా బదిలీ చేయమనవచ్చు, ఆమెకు 3 నెలల దాకా సెలవు ఇమ్మనవచ్చు. ఇవన్నీ ఆమె రాసి అడిగితేనే. అడగకపోతే 'నీ మంచికే' అంటూ ఆమెనే ప్రాజెక్టు నుంచి తీసి పని లేకుండా బెంచ్ మీద కూర్చోబెడతారు. ఇది రక్షణ కాదు, శిక్ష. కదలాల్సింది ఆయన.

తుంగభద్ర:
గడువు మాట ఒప్పుకుంటున్నాను. అయినా నా అనుమానం పోలేదు. 90 రోజుల్లో విచారణ, తర్వాత 10 రోజుల్లో నివేదిక, 60 రోజుల్లో యాజమాన్యం చర్య. ఆ చివరి 60 రోజులే భయం. చర్య తీసుకోవాల్సిన చోటే బాస్ స్నేహితులు ఉంటారు.

న్యాయపక్షం:
అందుకే అప్పీలుకు 90 రోజులిచ్చారు. పోలీసు దారీ విడిగా ఉంది. లైంగిక వేధింపును నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద కేసు పెట్టడానికి కమిటీ నివేదిక కోసం ఆగక్కర్లేదు. ఆమె కోరితే ఆ ఫిర్యాదుకు సాయం చేయడం యజమాని బాధ్యత.

ఇంకో మాట. ఫిర్యాదు ప్రతి 7 పనిదినాల్లో బాస్‌కి అందాలి, జవాబుకు ఆయనకు 10 పనిదినాలు ఇవ్వాలి. కోపంతో ఈ మెట్లు దాటేస్తే తీర్పే పోతుంది. గోవా విశ్వవిద్యాలయం కేసులో విచారణ హడావిడిగా జరిగిందని 2023 మేలో సుప్రీంకోర్టు అధ్యాపకుడి తొలగింపును రద్దు చేసి, కేసును మళ్లీ వెనక్కి పంపింది. ఆధారాలు చాలకపోతే అబద్ధపు ఫిర్యాదని ముద్ర వేయడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు.

హెచ్ఆర్ డెస్క్:
ఏడుగురు పనిచేసే బట్టల కొట్టులో ఓనరే బాస్ అయితే తుంగభద్ర గారు చెప్పిన దారే సరైంది. మండల స్థాయి నోడల్ అధికారికి ఇస్తే 7 రోజుల్లో స్థానిక కమిటీకి పంపాలి. ఆ నోడల్ అధికారి ఎవరో తెలియకపోతే కలెక్టరేట్‌లో జిల్లా అధికారి పేరున ఇచ్చి, ముద్ర వేయించిన రసీదు తీసుకోండి.