అప్‌డేట్: రెండో కాలంలో పాప పరుగెత్తడం ఆగింది

కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న రెండో తరగతి పాప మొదటి సరళీ వరుస (తొలి స్వర పాఠం) రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి రాగానే తాళం కూడా వేగం పెంచేస్తోందని, ఇంట్లో ఎలా సరిచేయాలని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తప్పు గొంతులో లేదు, చేతిలో ఉంది. అందుకే ముందు పాట ఆపించాం. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపే సాధనం) నిమిషానికి 60 టిక్కుల దగ్గర పెట్టి ఎనిమిది లెక్కల ఆది తాళం ఒక్కటే: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బ-విసురు రెండుసార్లు. చెయ్యి కుదిరాక అదే వేగం మీద స్వరాలు. మొదటి కాలంలో ఆరోహణ, అవరోహణ కలిపి రెండు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు), రెండో కాలంలో ఒక్కటే. మూడో కాలం ఇంకా ముట్టుకోలేదు, తొందరేం లేదు.

రెండో చిక్కు రిషభం, అంటే ‘రి’ స్వరం. ఈ పాఠాలు పాడే మాయామాళవగౌళ రాగంలో అది శుద్ధ రిషభం, షడ్జానికి (‘స’కు) ఆనుకునే ఉంటుంది. బడిలో కీబోర్డు మీద తెల్ల మెట్లే వాయించే అలవాటుతో పిల్లలు పైకి లాగేస్తారు. తెల్ల ‘సి’ మెట్టును ‘స’ అనుకుంటే, దాని పక్క నల్ల మెట్టే ‘రి’ అని చూపించాం. తంబూర శ్రుతి (వెనక నిలకడగా మోగే ఆధార నాదం) మీద స-రి-స నెమ్మదిగా పదిసార్లు.

విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపలేం. ఆ హోరుకు శ్రుతి వినబడక పాప గట్టిగా అరిచేది. ఫోన్ బదులు చిన్న స్పీకర్ చెవి ఎత్తున పెడితే చాలు. రోజుకు పన్నెండు నిమిషాలు, అంతకు మించి కూర్చోబెట్టడం లేదు.