గని ప్రమాదంపై సినిమా రాస్తున్నాను, సింగరేణి కుటుంబాల వారి సాయం కావాలి

గోదావరిఖని నేపథ్యంగా ఒక చిన్న స్వతంత్ర చిత్రానికి స్క్రిప్టు రాస్తున్నాను. భూగర్భ గనిలో పైకప్పు కూలి చనిపోయిన మైనింగ్ సర్దార్ (షిఫ్టులో పనిచోటు భద్రతను పరీక్షించే బాధ్యత ఉన్న ఉద్యోగి), ఆ షిఫ్టులో పైకప్పును పరీక్షించకుండానే అంతా సురక్షితమని రిపోర్టు పుస్తకంలో సంతకం చేశాడన్న సంగతి అతని భార్యకు మాత్రమే తెలుసు. అదే ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న పక్క క్వార్టరు ఆవిడను ఓదారుస్తూ, ఆమెతో కలిసి ఏడుస్తూ, ఆ మాటను ఆమె ఎంతకాలం దాచగలదన్నదే నా కథ.

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖాన్ని కథగా వాడుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి ప్రమాద స్వభావాన్నే మార్చాను. అయినా వివరాల్లో తప్పు దొర్లితే గని మనుషులను అవమానించినట్లే అవుతుంది.

కార్మికులు గనిలోకి దిగే ముందు దీపాలు తీసుకుని, పైకొచ్చాక తిరిగి అప్పగించే ల్యాంప్ రూంలో తిరిగి రాని దీపాలను బట్టి లోపల ఎవరు చిక్కుకున్నారో లెక్క తేలుతుంది కదా. ఆ లెక్క బయట ఎదురుచూసే ఆడవాళ్లకు ఎవరు చెబుతారు, ఏ మాటలతో చెబుతారు? ప్రమాదం తర్వాత సర్దార్ పుస్తకాన్ని ఎవరు స్వాధీనం చేసుకుంటారు? తప్పు మృతుడిదేనని విచారణలో తేలితే కొడుకుకు రావాల్సిన డిపెండెంట్ ఉద్యోగానికి అడ్డంకి వస్తుందా? నా కథలోని తల్లి మౌనానికి సగం కారణం ఈ చివరి భయమే. సర్దార్లుగా, వారి పై అధికారులైన ఓవర్‌మెన్లుగా పనిచేసినవారు, ఆ క్వార్టర్లలో పెరిగినవారు దయచేసి వివరంగా రాయండి.